సగటు రైతు ఎక్కడ నున్నాడు?

గ్రామపెద్దలారా! ఒక గ్రామమును గూర్చి మాటలాడునపుడు “ఈ యూరి సగటు కమతము ఇన్ని యెకరములు” అను వాక్యము తరచుగ వినబడుచుండును. పటాన్‌చెరు, బొల్లారము, పాశమైలారముల వలె పొలముల ప్రక్కనే పరిశ్రమలు వెలసిన చోట్ల ఇట్టి యంకెకు మరింత బరువు కలదు. భూమి పోవునపుడు గాని, సాయము వచ్చునపుడు గాని, “మీ యూరివారు ఎంతటివారు” అను ప్రశ్నకు ఆ యంకెయే ప్రత్యుత్తర మగును. అది యెట్లు పుట్టునో, దేనిని చెప్పునో, దేనిని దాచునో మీకు విన్నవింప దలచితిని. ఇందుకు కూడిక, గుణకారము, భాగహారము తెలిసిన చాలును.

ఇంటింటి భూమిని నూరు పంక్తులుగ వ్రాసినచో చూచువారికి ఊరి స్వరూపము బోధపడదు. అందుచేత లెక్కలవారు తరగతులు కట్టుదురు. మన దేశమున 1970-71లో మొదలై అయిదేండ్ల కొకసారి జరుగు వ్యవసాయ గణనలో కమతములకు అయిదు తరగతులు కలవు: 1 హెక్టారు లోపు, 1 నుండి 2, 2 నుండి 4, 4 నుండి 10, 10 హెక్టార్లును అంతకు పైబడినవి. హెక్టారనగా మన కొలతలో సుమారు 2 ఎకరముల 19 గుంటలు. పట్టా ఎవరి పేర నున్నను, ఒకే సేద్యముగ సాగుచున్న భూమియే అచ్చట కమతము.

తరగతుల హద్దులు దేవుడు గీసినవి కావు, మనుష్యులు గీసినవే. 1972లో పటాన్‌చెరులో నెలకొన్న ఇక్రిశాట్ పరిశోధనాలయమువారు 1975లో ఆరు గ్రామములలో అధ్యయనము లారంభించిరి. వానిలో నాటి మహబూబునగరు జిల్లాలోని ఔరేపల్లి, దోకూరు అను రెండు గ్రామము లుండెను. ఊరికి 40 కుటుంబముల చొప్పున, భూమిలేని కూలీలు, చిన్న, మధ్య, పెద్ద రైతులు అను నాలుగు తరగతులనుండి పదేసి కుటుంబములను తీసికొనిరి. అయితే “చిన్న” యనగా ఎన్ని యెకరములో ప్రతి యూరికిని వేరుగ నిర్ణయించిరి. నేలయు నీరును మారినచో ఎకరము విలువ మారును గదా!

ఇక లెక్కకు వత్తము. నూరు కమతములు గల ఒక గ్రామము నూహింతము. ఈ యంకెలు బోధ కొరకు నేను కల్పించినవి. 2 ఎకరముల లోపు 40 కమతములు. 2 నుండి 4 వరకు 40. 4 నుండి 10 వరకు 15. 10 నుండి 30 వరకు 5. ఒక్కొక్క కమతము ఖచ్చితముగ ఎంతో మనకు తెలియదు గనుక ప్రతి తరగతికిని నడిమి విలువను గ్రహింతుము: 1, 3, 7, 20. వీనిని కమతముల సంఖ్యలచే గుణింపగా 40, 120, 105, 100 వచ్చును. మొత్తము 365. నూటిచే భాగింపగా సగటు 3 ఎకరముల 26 గుంటలు.

ఇపుడు కమతములను చిన్నదానినుండి పెద్దదాని వరకు వరుసగ నిలిపి, నడుమనున్న 50వ దానిని చూతము. మొదటి తరగతిలో 40 పోయినవి; రెండవదానిలోని 40లో ఇంక 10 కావలెను, అనగా నాల్గవ వంతు. ఆ తరగతి వెడల్పు 2 ఎకరములు. అందు నాల్గవ వంతు 20 గుంటలు. కావున మధ్యగతము 2 ఎకరముల 20 గుంటలు. ఊరిలో సగము కమతములు దీనికి లోపలివే. సగటునకు లోబడినవి సుమారు 73! పైనున్న అయిదు కమతములే మొత్తము భూమిలో నాల్గవ వంతునకు మించి కలిగి, సగటును పైకి లాగినవి. “సగటు రైతు” అని మనము పిలుచువాడు నిజమునకు నూరింట డెబ్బదిమందికి పైబడి నున్నవాడు.

మరొక చిక్కు గలదు. “10 ఎకరములు, ఆపైన” అని కడపటి తరగతిని తెరచి విడిచినచో నడిమి విలువను ఊహింపవలసినదే. దానిని 20కి బదులు 30 అనుకొన్నచో సగటు 4 ఎకరముల 6 గుంటలకు ఎగబ్రాకును. మధ్యగతము మాత్రము కదలదు.

పటము గీయునపుడును జాగరూకత వలయును. సోపాన చిత్రమున కన్ను చూచునది దిమ్మె వైశాల్యమును. కమతముల సంఖ్యనే ఎత్తుగ గీసినచో, 2 ఎకరముల వెడల్పు, 40 ఎత్తు గల మొదటి దిమ్మె వైశాల్యము 80. 20 ఎకరముల వెడల్పు, 5 ఎత్తు గల కడపటి దాని వైశాల్యము 100. అయిదుగురు నలువదిమందికంటె ఎక్కువగ కనబడుదురు! కావున సంఖ్యను వెడల్పుచే భాగించి ఎత్తు నిర్ణయింపవలెను: 20, 20, రెండున్నర, పావు.

సంచిత పటము మరింత సుకరము. 2 ఎకరముల యొద్ద 40, 4 యొద్ద 80, 10 యొద్ద 95, 30 యొద్ద 100 అని చుక్కలు పెట్టి, సున్న మొదలుకొని కలుపుడు. 50 నుండి అడ్డముగ పోయి, గీతను తాకి, క్రిందికి దిగినచో మధ్యగతము దొరకును. అట్లే 25 వలన 1 ఎకరము 10 గుంటలు, 75 వలన 3 ఎకరముల 30 గుంటలు వచ్చును. నడిమి సగము కమతములు ఈ రెంటి నడుమనే యున్నవి.

కావున గ్రామసభలో ఎవరైన సగటు చెప్పినపుడు మూడు ప్రశ్నలు వేయుడు: తరగతుల హద్దు లెవరు, ఏల గీసిరి? కడపటి తరగతికి విలువ యెట్లు కట్టిరి? మధ్యగత మెంత? ఈ మూటికిని బదులు వచ్చిన పిదపనే ఆ యంకెపై తీర్మానము వ్రాయించుడు.