ఇఫ్తార్ పళ్ళెం ఏడాది పొడవునా



రమజాన్ మాసంలో మన ఇఫ్తార్‌లో ఖర్జూరం, పుచ్చకాయ, అరటి, జామ తప్పనిసరిగా ఉంటాయి. షవ్వాల్ నెలవంక కనిపించగానే ఆ పళ్ళెం కనుమరుగవుతుంది. మిగిలిన పదకొండు మాసాలూ మన దస్తర్‌ఖాన్‌పై అన్నం, మాంసం, ఊరగాయలదే రాజ్యం. వలీమా విందులోనైతే కూరగాయ అంటే బిర్యానీ పక్కన పెట్టే ఉల్లిపాయ ముక్కే!

దివ్య ఖుర్ఆన్‌లోని 'అబస' సూరా, మానవుడు తన ఆహారం గురించి ఆలోచించాలని చెబుతూ ద్రాక్ష, జైతూన్, ఖర్జూరాలను, ఫలాలను పేర్కొంటుంది. దైవప్రవక్త (స) తాజా ఖర్జూరాలను దోసకాయతో కలిపి తినేవారని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి.

జీర్ణాశయ క్యాన్సర్‌కు ప్రధాన కారణం హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా విభాగం 1994లోనే దీనిని క్యాన్సర్ కారకంగా ప్రకటించింది. ఇది కడుపు లోపలి పొరలో ఏళ్ళ తరబడి వాపును నిలిపి ఉంచుతుంది. ఉప్పు అధికమైతే ఆ పొర మరింత దెబ్బతింటుంది. నిల్వ మాంసంలో కలిపే నైట్రైట్లు కడుపులో నైట్రోసమైన్లనే హానికర పదార్థాలుగా మారగలవు. జామ, ఉసిరి, నిమ్మలలోని సి విటమిన్ ఈ మార్పును అడ్డుకుంటుంది. అదే ఉసిరిని ఉప్పులో ఊరబెట్టి తింటే మాత్రం లెక్క వేరు! రోజుకు కనీసం 400 గ్రాముల పండ్లు, కూరగాయలు తినాలనీ, ఉప్పు 5 గ్రాములకు మించరాదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. బంగాళాదుంప ఈ 400 గ్రాముల లెక్కలోకి రాదు.

ఇక్కడ ఒక మాట నిక్కచ్చిగా చెప్పవలసి ఉంది. పండ్లు, కూరగాయల వల్ల కలిగే ఈ రక్షణకు బలమైన ఆధారాలున్నాయని 1997లో ప్రపంచ క్యాన్సర్ పరిశోధనా నిధి తన నివేదికలో పేర్కొన్నది. 2007 నాటికి అదే సంస్థ తన మాటను కొంత తగ్గించి, రక్షణ ఉండే అవకాశం ఉన్నదని మాత్రమే చెప్పింది. కనుక పండ్లు తినేవారికి ఈ వ్యాధి రానే రాదని ఎవరైనా అంటే నమ్మకండి. వచ్చిన వ్యాధిని పండ్లు నయం చేస్తాయన్న మాటనైతే అసలే నమ్మకండి.

ఆకలి మందగించినా, కొద్దిగా తినగానే కడుపు నిండినట్లు అనిపించినా, అకారణంగా బరువు తగ్గుతున్నా, మలం నల్లగా వస్తున్నా 'గ్యాస్' అని సరిపెట్టుకుని సోడాతోనో, కలోంజీ నూనెతోనో నెలలు గడపడం తవక్కుల్ కాదు. చికిత్స చేయించుకోమని చెప్పినది సాక్షాత్తు దైవప్రవక్త (స) వారే. ఆలస్యం చేయక వైద్యుణ్ణి కలవండి, ఎండోస్కోపీ అవసరమంటే వెనుకాడకండి. పైలోరీ ఉన్నట్లు తేలితే, నాలుగు రోజులకే మంట తగ్గిందని మందులు మానక, వైద్యుడు చెప్పిన గడువంతా వాడండి.