పిడకల రీల్ వెనక ఆస్పరి

ఉగాది మర్నాడు మీ ఫోన్‌లో పిడకలు ఎగిరే రీల్ వచ్చిందా? ఆ ఊరు కైరుప్పల, కర్నూలు జిల్లా ఆస్పరి మండలం. ప్రేమించుకున్న వీరభద్రుడికీ భద్రకాళికీ పెళ్లి దగ్గర మాట తేడా వచ్చి, రెండు వర్గాలూ పిడకలతో కొట్టుకున్నాయని కథ. ఇప్పటికీ ఊరు రెండుగా చీలి విసురుకుంటుంది. దెబ్బ తగిలితే గుడి విభూతి రాసుకుంటారు. తర్వాత దేవుళ్లకు కల్యాణం, ఊరంతా మళ్లీ ఒక్కటి!

ఆస్పరి కథ రీల్‌లో పట్టదు. 1871లో కలిసిన మద్రాసు-బొంబాయి రైలు మార్గం ఇటే పోతుంది. గుంతకల్లు, ఆదోని మధ్య స్టేషన్ ఇది. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రంలో కలిసేదాకా ఈ ప్రాంతం బళ్లారి జిల్లాలోది. అందుకే ఇక్కడి మాటల్లో కన్నడం వినిపిస్తుంది. ‘సుగ్గి’ అలాంటి మాటే. కన్నడంలో పంటకోతల కాలం అని అర్థం.

ఇక్కడ ‘సుగ్గికి పోయినారు’ అంటే వలస పోయారని. వాన తప్పితే ఇళ్లకు తాళాలేసి గుంటూరు వైపు మిర్చి కోతలకు పోతారు. వెంట వెళ్లిన పిల్లలకు బడి పోతుంది. రీల్‌కి లైక్ కొట్టండి, తప్పులేదు. ఆ పిల్లలు బడిలో ఉండాలంటే మాత్రం వలస కాలానికి హాస్టళ్లు కావాలి, పెద్దలకు ఊళ్లోనే పని దొరకాలి.