వంగపండు పాటలో పాదము

పాదమనగా పద్యములో పంక్తి, ఆటలో కాలు. వంగపండు ప్రసాదరావు (1943–2020) రచనలను పరిశీలించువారు మొదటి అర్థమును గ్రహించి రెండవదానిని విడిచిపెట్టుచున్నారని మా అభిప్రాయము.

పార్వతీపురము ప్రాంతమున జన్మించిన ఈయన విశాఖపట్టణపు నౌకానిర్మాణశాలలో పనిచేసిరి. 1972లో జననాట్యమండలి స్థాపకులలో ఒకరైరి. సంస్థ పేరులోనే నాట్యమున్నది గదా! అంతకు ముందే శ్రీకాకుళోద్యమములో సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను రాజకీయ ప్రబోధమునకు వినియోగించి, 1969లో హతులైరి. వంగపండు ఆ త్రోవనే నడచి, కాలికి గజ్జె కట్టి, పాటతోపాటు చిందు త్రొక్కిరి. 'ఏం పిల్లడో ఎల్దమొస్తవ' అనునది వెంట రమ్మను పిలుపు. నిలుచుండి పిలిచినచో అది ఉపన్యాసమగును. అడుగు వేయుచు పిలిచినందుననే వినువారి కాళ్ళును కదలినవి. 'భూమి భాగోతము' అను నృత్యరూపకమునకు పేరే సాక్ష్యము: దేవుని కథ చెప్పు భాగవతుల ఆటలో ఇచ్చట భూమి కథావస్తువైనది.

అచ్చుపుస్తకమున మాటలు మిగులును. ఏ మాటపై అడుగు పడినదో, గజ్జె ఎచ్చట ఆగినదో తెలియదు. మధురవాడవంటి గ్రామములు నగరములో కలిసిపోయిన కాలమిది. ఆయనతో కలిసి ఆడినవారిని వెదకి, వారి అడుగులను చలనచిత్రములుగా గ్రహించి, పాఠముతోపాటు భద్రపరచు పనిని పరిశోధక విద్యార్థులు వెంటనే చేపట్టవలసియున్నది.