సహవాదనమే బోధన: మార్ల్‌బరో సంగీతోత్సవం – ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో ఛాంబర్ సంగీతం ఒక ప్రత్యేక శాఖ. కొద్దిమంది వాద్యకారులు, సాధారణంగా నిర్దేశకుడు లేకుండా, ఒక్కొక్కరు ఒక్కొక్క భాగాన్ని వాయించే ప్రక్రియ ఇది. కర్ణాటక కచేరీలో ప్రధాన కళాకారుడు, పక్కవాద్యం అనే విభజన స్పష్టంగా ఉంటుంది. రెండు వయొలిన్లు, ఒక వియోలా, ఒక చెల్లో కలిసిన స్ట్రింగ్ క్వార్టెట్‌లో అటువంటి స్థిరమైన విభజన కనిపించదు. ప్రధాన మెలొడీ ఒక వాద్యం నుంచి మరొక వాద్యానికి మారుతూ సాగుతుంది. అందువల్ల వాద్యకారుడు తన భాగాన్ని వాయిస్తూనే మిగిలినవారిని వినాలి; అవసరమైనచోట ముందుకు రావాలి, తక్కినచోట తగ్గాలి. ఒంటరి సాధనతో అలవడని ఈ నేర్పును యువ కళాకారులకు ఎలా అందించాలన్న ప్రశ్నకు అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో జరిగే మార్ల్‌బరో సంగీతోత్సవం చూపిన మార్గాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. నేపథ్యం

ఈ సంస్థ 1951లో ఆరంభమైంది. వయొలిన్ విద్వాంసుడు అడాల్ఫ్ బుష్, ఆయన సోదరుడు, చెల్లో వాద్యకారుడు హెర్మన్ బుష్, అల్లుడు, పియానో విద్వాంసుడు రుడాల్ఫ్ సెర్కిన్, ఫ్లూట్ విద్వాంసుడు మార్సెల్ మొయీజ్, ఆయన కుమారుడు లూయీ, కోడలు బ్లాంష్ దీని స్థాపకులు. జర్మనీలో పుట్టిన అడాల్ఫ్ బుష్ యూదుడు కాకపోయినా, యూదులపై నాజీల దౌర్జన్యానికి నిరసనగా 1933లో ఆ దేశంలో కచేరీలు చేయడం మానుకున్నాడు. సెర్కిన్ యూదు కుటుంబానికి చెందినవాడు. స్వదేశాలను విడిచివచ్చిన ఈ కళాకారులు, ఐరోపా ఇళ్లలో వర్ధిల్లిన సహవాదన సంప్రదాయాన్ని కొత్త నేలపై నాటారు. బుష్ 1952లో మరణించగా, సెర్కిన్ 1991లో తన మరణం వరకు సంస్థను నడిపించాడు.

3. బోధనా విధానం

ప్రతి వేసవిలో ఏడు వారాలపాటు అనుభవజ్ఞులు, యువ వాద్యకారులు ఒకేచోట నివసిస్తారు. ఒకే భోజనశాలలో తింటారు. అనుభవజ్ఞుడు ఎదుట కూర్చొని పాఠం చెప్పడు. యువకులతోపాటు బృందంలో ఒకడిగా తన భాగం తాను వాయిస్తాడు. సవరణ మాటల్లో కంటే వాదనలోనే ఎక్కువగా జరుగుతుంది. ఒక స్వరానికి ఎంత ఊపిరి ఇవ్వాలో, ఒక విరామాన్ని ఎంతసేపు నిలపాలో పక్కనున్న వాద్యం వినిపిస్తుంది. గురుకులంలో శిష్యుడు గురువు వెంట ఉండి గ్రహించిన పద్ధతిని ఇది కొంత గుర్తుచేస్తుంది. అయితే ఇక్కడ గురువు కూడా అదే రచన ముందు సాధకుడే.

4. సాధన – ప్రదర్శన

ఉత్సవానికి శ్రోతలు కావాలి. విద్యకు తప్పు చేసే వ్యవధి కావాలి. ఈ రెండింటి ఘర్షణే ఇటువంటి సంస్థలకు అసలు సమస్య. కచేరీ తేదీ ముందే ఖాయమైతే సాధన ఆ తేదీకి లొంగిపోతుంది. సందేహం తీరకముందే బృందం ఏదో ఒక నిర్ణయానికి రావలసి వస్తుంది. మార్ల్‌బరో ఈ క్రమాన్ని తలకిందులు చేసింది. సాధన చేసిన ప్రతి రచననూ ప్రదర్శించాలన్న నియమం లేదు. వాటిలో అధికభాగం వేదికకు రావు. వారాంతపు కచేరీల కార్యక్రమం కూడా సాధన సాగిన తీరును బట్టి, కొద్దిరోజుల ముందే నిర్ణయమవుతుంది. ఏమి వినబోతున్నారో తెలియకుండానే శ్రోతలు టికెట్లు కొంటారు. విద్యార్థికి దొరికే వ్యవధికి శ్రోత విశ్వాసమే పునాది.

5. ఫలితాలు, పరిమితులు

1964లో ఇక్కడ రూపుదిద్దుకున్న గ్వార్నేరి క్వార్టెట్ 2009 వరకు కొనసాగింది. 2001లో దాని చెల్లో వాద్యకారుడు డేవిడ్ సోయర్ విరమించగా, ఆయన శిష్యుడు పీటర్ వైలీ ఆ స్థానంలోకి వచ్చాడు. 1965 నుంచి మార్ల్‌బరో బృందాలు ఇతర నగరాలలో కచేరీలు చేస్తున్నాయి.

అయితే ఈ పద్ధతి ప్రారంభ విద్యార్థులకు వర్తించదు; వాద్యంపై పట్టు సాధించి, ఎంపికైనవారికే ఇక్కడ ప్రవేశం. సమానులుగా కూర్చోబెట్టినంత మాత్రాన కీర్తి, వయసు కలిగించే సంకోచం తొలగిపోదు. ప్రసిద్ధుడైన విద్వాంసునితో విభేదించగల చనువు ఏర్పడడానికి కొన్ని పూటల సాధన చాలదు. ఏడు వారాల సహజీవనానికి ఉన్న ప్రయోజనం ఇక్కడే తెలుస్తుంది.

6. ముగింపు

సంగీతోత్సవాన్ని సాధారణంగా వేదికపై వినిపించిన దానితో అంచనా వేస్తారు. మార్ల్‌బరో విషయంలో ఆ కొలమానం చాలదు. వేదికకు రాని రచనలపై వెచ్చించిన కాలమే అక్కడి ప్రధాన పాఠ్యాంశం. ప్రదర్శనను విద్యకు లక్ష్యంగా కాక, విద్యలోంచి అప్పుడప్పుడు వెలువడే ఫలితంగా భావించడమే ఈ సంస్థ సంగీత బోధనకు చేసిన ముఖ్యమైన చేర్పు.