మీకు తెలుసా? సోషల్ మీడియాలో పుస్తక సమీక్షలు మొదలుపెట్టేవాళ్లకు కొన్ని సంగతులు

శామీర్‌పేటలో ఉంటూ, చదివిన పుస్తకం గురించి ఇన్‌స్టాగ్రామ్‌లోనో ఫేస్‌బుక్‌లోనో రాయాలని మీకు ఎప్పుడైనా అనిపించిందా? అయితే ఆలస్యం చేయకండి. తెలుగు పుస్తకం తొలి ముద్రణ చాలాసార్లు వెయ్యి ప్రతులు కూడా దాటదు. అలాంటి పుస్తకానికి బాగా చదివి, ఉన్నదున్నట్టు చెప్పే ఒక్క పాఠకుడు దొరికినా గొప్పే. మొదలుపెట్టే ముందు ఈ సంగతులు తెలుసుకోండి.

1. పుస్తకాలు పరిచయం చేయడమే ఒక శీర్షికగా ఏళ్ల తరబడి నడిచింది. మాలతీ చందూర్ ‘స్వాతి’ మాసపత్రికలో ‘పాత కెరటాలు’ పేరుతో వందలాది ఇంగ్లీషు, ప్రపంచ నవలలను తెలుగువాళ్లకు పరిచయం చేశారు. ఆ నవలలు కొనే స్తోమత, చదివే ఇంగ్లీషు లేని ఇళ్లలోకి కూడా అవి అలా చేరాయి.

2. కొత్త కవులకు ఒక కాలమ్ అండగా నిలిచింది. ఉస్మానియాలో భాషాశాస్త్రం బోధించిన చేకూరి రామారావు, అందరూ ‘చేరా’ అని పిలుచుకునే ఆయన, ‘చేరాతలు’ శీర్షికలో అప్పుడప్పుడే రాస్తున్న కవుల పద్యాలను ఓపిగ్గా విప్పి చూపారు. అందులో స్త్రీవాద కవయిత్రులకు దొరికిన చోటు ప్రత్యేకమైనది. అయితే సమీక్షకు ప్రొఫెసరే కానక్కర్లేదు. 2009లో మొదలైన ‘పుస్తకం.నెట్’లో ఎక్కువగా రాసింది మామూలు పాఠకులే.

3. పత్రికల్లో సమీక్షతో పాటు ఒక చిన్న పెట్టె ఉంటుంది. పుస్తకం పేరు, రచయిత, పేజీలు, వెల, ఆ తర్వాత ‘ప్రతులకు’ అని దొరికే చోటు. సోషల్ మీడియాలో చాలామంది వదిలేసేది ఇదే. కవర్ ఫొటో అందంగా పెడతారు. కింద కామెంట్లలో పదిమంది ‘ఎక్కడ దొరుకుతుందండీ?’ అని అడుగుతూ ఉంటారు. ఆ ఐదు వివరాలూ మీరే రాసేస్తే, నచ్చినవాళ్లు వెంటనే తెప్పించుకుంటారు.

4. సమీక్షకు రెండు ప్రతులు పంపమనడం తెలుగు పత్రికల ఆనవాయితీ. సమీక్షకు వీలుపడని పుస్తకాల పేర్లను ‘స్వీకారం’ కింద వేస్తారు. మీకూ పుస్తకాలు రావడం మొదలయ్యాక అన్నీ చదవడం కుదరదు. నెలకోసారి ‘ఇవి అందాయి’ అని ఒక జాబితా పెట్టండి. చదవని పుస్తకాన్ని మెచ్చుకోవడం కన్నా అది ఎంతో మర్యాద.

5. గ్రంథాలయం కోసం మీరు ఇప్పటికే డబ్బు కడుతున్నారు. ఇంటిపన్నులో ప్రతి రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఉంటుంది. దానికి మూలం 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం. కాబట్టి కొత్త పుస్తకాలు కొంటేనే సమీక్షకులం అవుతామన్న బెంగ వద్దు. గ్రంథాలయంలో దొరికే పాత పుస్తకం మీదైనా రాయొచ్చు. కట్టమంచి రామలింగారెడ్డి 1914లో అచ్చయిన ‘కవిత్వతత్త్వ విచారము’లో విమర్శకు తీసుకున్నది 16వ శతాబ్దపు కావ్యం ‘కళాపూర్ణోదయం’!

6. సమీక్షలో పుస్తకంలోని వాక్యాలు ఉదహరించడానికి చట్టం ఒప్పుకుంటుంది. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ విమర్శ, సమీక్షల కోసం న్యాయంగా వాడుకోవడాన్ని ఉల్లంఘన కిందకు తీసుకురాదు. ఇన్ని పంక్తులని లెక్క అందులో లేదు. మీ మాటకు ఆధారంగా కావలసినంతే తీసుకోవాలి. పుస్తకం మొత్తాన్ని పీడీఎఫ్ చేసి గ్రూపుల్లో పంచడం మాత్రం సమీక్ష కాదు, రచయిత పొట్ట కొట్టడం. ఇలాంటి మేధోసంపత్తి చట్టాలు చెప్పే నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉన్నది మన శామీర్‌పేటలోనే.

7. ఉచితంగా వచ్చిన పుస్తకమైతే ఆ సంగతి చెప్పాలి. ప్రకటనల ప్రమాణాల మండలి ఆస్కీ 2021లో, కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో సోషల్ మీడియా ప్రచారాలపై మార్గదర్శకాలు ఇచ్చాయి. డబ్బే కాదు, ఉచితంగా ఇచ్చిన వస్తువు కూడా లెక్కలోకి వస్తుంది. మీ అభిప్రాయం నిష్పాక్షికమైనదే అయినా చెప్పాల్సిందే. ‘ఈ ప్రతి ప్రచురణకర్తలు పంపారు’ అని మొదటి రెండు పంక్తుల్లోనే రాయండి. సొంత డబ్బుతో కొని, ఎవరితో ఏ లావాదేవీ లేకుండా రాస్తే ఈ ప్రస్తావన అక్కర్లేదు.

8. అమెజాన్ పుస్తకాలకు మినహాయింపు ఇచ్చింది. ఉచిత వస్తువు తీసుకుని సమీక్ష రాయడాన్ని 2016 అక్టోబరులో నిషేధించినప్పుడు, సమీక్ష ప్రతులు పంపే పాత ఆచారాన్ని మాత్రం కొనసాగనిచ్చింది. అలా వచ్చిన ప్రతి మీద రాసినా పాఠకుల నమ్మకం నిలబడాలంటే బాగాలేనిది బాగాలేదని చెప్పగలగాలి. ఏ పేజీలో, ఏ సన్నివేశంలో, ఎందుకు తేలిపోయిందో చూపిస్తే రచయిత కూడా కాదనలేడు. ‘అద్భుతం’, ‘చెత్త’ అన్న రెండు మాటలూ ఎవరికీ ఉపయోగపడవు.

9. ‘లేరు’ అన్న మాటకు 354 మంది కవులతో జవాబిచ్చిన చరిత్ర మనది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరని ఒకరు రాస్తే, ‘గోలకొండ పత్రిక’ నడిపిన సురవరం ప్రతాపరెడ్డి వాదనకు దిగి ఊరుకోలేదు. ఊరూరి నుంచి రచనలు తెప్పించి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చారు. పదిమంది చెప్పుకోని పుస్తకం ఉన్నా లేనట్టే. అందుకే పేరున్న నవలల మీద వందో సమీక్ష రాసే ముందు, మీ మండలంలోనో మీ జిల్లాలోనో రాస్తున్నవాళ్ల పుస్తకం ఒకటి వెతికి చదవండి. దాని మీద తొలి సమీక్ష మీదే అవుతుందేమో!