నూనె – నువ్వు – టమాట తొక్కు

దేహానికి ఆహారం ఆధారం. ఆహారానికి రుచిని కూర్చే ద్రవ్యాలలో నూనె ముఖ్యమైనది. సంస్కృతంలో నువ్వులకు ‘తిలలు’ అని పేరు. తిలల నుండి తీసినది తైలం. తెలుగులో ‘నువ్వు’, ‘నెయ్యి’ అనే పదాల కలయికతో ‘నూనె’ ఏర్పడింది. అనగా నువ్వుల నెయ్యి అనేదే ఈ మాటకు తొలి అర్థం. కాలక్రమాన గింజల నుండి తీసే ద్రవాలన్నింటికీ ఈ పేరు వ్యాపించింది. దీనినే అర్థవ్యాకోచం అంటారు.

ఉత్తర తెలంగాణకు నూనెగింజలు చిరపరిచితాలు. 2016 వరకు కరీంనగర్ జిల్లాలో భాగమైన జగిత్యాల ప్రాంతంలో నువ్వుల సాగు ఉంది. అక్కడి పొలాస వ్యవసాయ పరిశోధన స్థానం ‘శ్వేత’, ‘రాజేశ్వరి’ వంటి నువ్వుల రకాలను రైతులకు అందించింది. ఆదిలాబాద్ నల్లరేగడి నేలలలో సోయా పండుతుంది. అక్కడి గిరిజనులు ఇప్పగింజల నుండి కూడ నూనె తీసేవారు. ఒకప్పుడు ఊరి గానుగ ఆడితేనే ఇంటికి నూనె వచ్చేది. కనుక దానిని పొదుపుగా వాడేవారు. అంగడిలో ప్యాకెట్లు సులభంగా లభించడంతో ఆ పొదుపు సడలింది.

నూనెలన్నీ ఒకే గుణం కలవి కావు. పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వు ఉంటుంది. ఇది మితిమీరితే రక్తంలో చెడు కొలెస్టరాల్ పెరిగి గుండెకు హాని కలుగుతుంది. నువ్వులు, పల్లీలు, కుసుమలు, పొద్దుతిరుగుడు, సోయా నూనెలలో అసంతృప్త కొవ్వులు అధికం. ఏ ఒక్క నూనెలోనూ అన్ని కొవ్వులు తగుపాళ్లలో ఉండవు. అందువలన నూనెలను మార్చి మార్చి వాడడం మేలు. గానుగ నూనెలో సహజమైన వాసన, కొన్ని పోషకాలు నిలుస్తాయి. అయినా ఏ నూనె అయినా గ్రాముకు 9 కిలో కెలోరీల శక్తినిస్తుంది. గానుగ నూనె కదా అని కొలత మరువరాదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన సూచనల ప్రకారం, రోజుకు 2000 కిలో కెలోరీల ఆహారంలో నూనె, నెయ్యి వంటివన్నీ కలిపి 27 గ్రాములు చాలు. ఈ లెక్కన నలుగురున్న ఇంటికి నెలకు సుమారు మూడుంబావు కిలోలు సరిపోతాయి. వేపుళ్లకు కాచిన నూనెను మళ్లీ మళ్లీ కాచితే హానికర పదార్థాలు పుడతాయి.

మితంగా వాడిన నూనె ఎంతటి మేలు చేస్తుందో టమాట తొక్కు తెలుపుతుంది. అరకిలో పండిన టమాటలకు రెండు పెద్ద చెంచాల నూనె చాలు. నాలుగు చెంచాల నువ్వులను నూనె లేకుండా దోరగా వేయించి పొడి చేసుకోవాలి. నూనెలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, వెల్లుల్లి, కరివేపాకు వేగాక టమాట ముక్కలు, పసుపు వేసి, నీరు ఇగిరేవరకు ఉడికించాలి. చివర కొద్దిగా ఉప్పు, నువ్వుల పొడి కలపాలి. టమాటకు ఎరుపునిచ్చే లైకోపీన్ కొవ్వులో కరిగే పదార్థం. నూనెతో ఉడికినప్పుడు దేహం దానిని సులభంగా గ్రహిస్తుంది. ఉడికితే ‘సి’ విటమిన్ కొంత నశిస్తుంది కాబట్టి పచ్చి టమాటలనూ తినడం మంచిది.

ఇటలీవారు పాస్తా కోసం టమాటలను ఆలివ్ నూనెలో ఉడికించడంలోనూ ఇదే సూత్రం ఉంది. అంగడిలో సీసాలలో దొరికే సాసులలో చక్కెర, ఉప్పు హెచ్చుగా ఉండవచ్చు. ఇంట చేసుకున్న తొక్కులో ఏది ఎంత వేయాలో చేసేవారి చేతిలోనే ఉంటుంది. సీసాపై ముద్రించిన వివరాలను చదవడం, చెంచాతో కొలిచి పోయడం అనే రెండు అలవాట్లు యౌవనంలోనే కుదిరితే, నడివయసులో గుండెకు కలిగే ముప్పు కొంతైనా తగ్గుతుంది.