రిపోర్టులో లక్ష ఉంటే మందు వేయాలా?

వెన్నుపాము దెబ్బతిన్నవారి మూత్రం రిపోర్టు చాలాసార్లు ఇంటిల్లిపాదినీ కంగారు పెడుతుంది. కల్చర్, అంటే మూత్రంలోని బ్యాక్టీరియాను పెంచి లెక్కించే పరీక్ష, మిల్లీలీటరుకు లక్షకు పైనే చూపిస్తుంది. వెంటనే యాంటీబయాటిక్ మొదలుపెట్టాలా? లక్షణాలేవీ లేకపోతే సాధారణంగా అక్కర్లేదు.

ఎందుకంటే, లోపలే ఉంచేసే మూత్రపు పైపు (ఫోలీ క్యాథెటర్) వేసిన వందమందిలో రోజుకు సుమారు 3 నుంచి 7 మందికి కొత్తగా బ్యాక్టీరియా చేరుతుంది. నెల తిరిగేసరికి దాదాపు అందరిలోనూ ఉంటుంది. బాధ పెట్టనివాటికి మందు వాడితే, అవి కొన్నాళ్లకు మళ్లీ చేరతాయి, అప్పటికి ఆ మందుకు లొంగకపోవచ్చు. గర్భిణులకు, మూత్రమార్గంలో కొన్ని శస్త్రచికిత్సలకు ముందు మాత్రం డాక్టర్లు లక్షణాలు లేకున్నా మందు ఇస్తారు.

స్పర్శే లేనివారికి మంట తెలియదు కదా, మరి ఇన్ఫెక్షన్‌ను ఎలా పట్టుకోవాలి? జ్వరం, చలి, నీరసం, కాళ్ల బిగుతు పెరగడం, కొత్తగా మూత్రం కారిపోవడం చూడాలి. మూత్రం మడ్డిగా ఉండటం, వాసన రావడం మాత్రమే చాలవు.

ఛాతీ భాగంలోని ఆరో వెన్నుపూస స్థాయిలో గానీ, అంతకు పైన గానీ గాయమైనవారికి మరో ప్రమాదం ఉంది: మూత్రాశయం నిండిపోయినా, ఇన్ఫెక్షన్ వచ్చినా బీపీ ఒక్కసారిగా పెరగవచ్చు. వీరిలో చాలామందికి పై బీపీ మామూలుగా 90 నుంచి 110 ఉంటుంది. అది 20 నుంచి 40 పెరిగి, తలపోటు, ముఖాన చెమట వస్తే అత్యవసరమే. అంటే ఇతరులకు మామూలైన 130 కూడా వీరికి ఎక్కువే కావచ్చు. నిటారుగా కూర్చోబెట్టండి, బట్టలు వదులు చేయండి, పైపు మెలిక పడిందేమో చూసి మూత్రం ఖాళీ చేయండి. తగ్గకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇన్ఫెక్షన్ రాకుండా కాపాడేది వేళ తప్పకుండా మూత్రాశయం ఖాళీ చేసే అలవాటు. పైపుతో ఖాళీ చేసి వెంటనే తీసేసే పద్ధతికి శుభ్రంగా కడిగిన చేతులు చాలని అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ యూరాలజిస్టు జాక్ లాపిడిస్ బృందం 1972లో చెప్పింది. మూత్రాశయం మరీ సాగితే గోడకు రక్తం సరిగా అందదు, బ్యాక్టీరియాను ఎదుర్కొనే శక్తి తగ్గుతుందన్నది ఆయన వాదన.

లెక్క చూద్దాం. ఒక్కసారికి అర లీటరు పాల ప్యాకెట్‌కు మించి నిండకూడదు. రోజుకు 2 లీటర్ల మూత్రం వస్తే, 400 మిల్లీలీటర్ల చొప్పున 5 సార్లు తీయాలి. ఒక్క వేళ తప్పితే లోపల 800 చేరుతుంది.

నీళ్లు తగ్గిస్తే పైపు బెడద తగ్గదా? తగ్గుతుంది గానీ, బ్యాక్టీరియా కొట్టుకుపోవడమూ తగ్గుతుంది, రాళ్ల ముప్పు పెరుగుతుంది. ఎంత తాగాలో డాక్టరుతో తేల్చుకోండి.

లక్షణాలతో ఇన్ఫెక్షన్ వస్తే, యాంటీబయాటిక్‌కు ముందే కల్చర్‌కు మూత్రం ఇవ్వాలి. లోపలే ఉంచిన పైపు వేసి రెండు వారాలు దాటితే దాన్ని మార్చి, కొత్తదాని నుంచి తీయాలి. త్వరగా తగ్గితే సాధారణంగా 7 రోజులు, నెమ్మదిగా తగ్గితే 10 నుంచి 14 రోజులు మందు వాడతారు. తీసిన వేళ, కొలత, లక్షణాలు రోజూ రాసి పెట్టుకోండి. రిపోర్టుతో పాటు ఆ పుస్తకమూ చూపిస్తే మందు అవసరమో కాదో డాక్టరు సరిగా తేల్చగలరు.